పాలు బందువెట్టి సౌదీ ఏం సాధించింది?

"ముస్లిం దేశాలన్నీ ఒక్కటే" అని వాట్సాప్‌ల రోజుకొకడు పెడుతనే ఉంటడు. గిట్లనేటోళ్లను ఒక్కటే అడగాలె. మరి 2017ల సౌదీ అరేబియా తన పక్కింటి ఖతర్‌కు పాల లారీలు ఎందుకు ఆపింది?

రెండూ ముస్లిం దేశాలే, రెండింటి భాషా అరబ్బీనే, రెండూ సున్నీ రాజ్యాలే. వహాబీ బాటకు మూలపురుషుడైన మహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ పుట్టింది ఇప్పటి సౌదీ గడ్డ మీద. దోహల ఉన్న పెద్ద సర్కారు మసీదుకు పెట్టిన పేరు సుత ఆయనదే. 1981 నుంచి రెండూ గల్ఫ్ సహకార మండలిల ఉన్నయి. ఇంత దగ్గరోళ్ల నడుమ పంచాది వచ్చిందంటే, అది మతం పంచాది కాదన్నట్టే గదా.

మ్యాపు తీసి చూడుండ్రి. సముద్రంలకు బొటనవేలు పొడిసినట్టు ఉంటది ఖతర్. మూడు దిక్కుల నీళ్లు, భూమి ఉన్న ఒక్క దిక్కుల సౌదీ. లారీ రావాలన్నా పోవాలన్నా అబూ సమ్రా చెక్‌పోస్టు ఒక్కటే తొవ్వ. బయటికెల్లి తెచ్చుకునే తిండిల దగ్గర దగ్గర 40 శాతం గా తొవ్వనే వచ్చేది. దుకాణాలల్ల పాలు, పెరుగు ఎక్కువ సౌదీ కంపెనీలయే. ఓడల మీద వచ్చే సరుకు సుత శాన మట్టుకు ముందు దుబాయ్‌ల జెబెల్ అలీ రేవుల దిగి, ఆడికెల్లి మళ్ల దోహకు చేరేది.

తిండికి గింత ఆధారపడ్డ దేశం, సంపాదనకు మాత్రం సౌదీ మీద ఆధారపడలే. అసలు కిటుకు ఇక్కడుంది. ఖతర్‌ది గ్యాసు సొమ్ము. దాని సముద్రం కింద ఉన్నది దునియాలనే అతిపెద్ద గ్యాసు నిల్వ, దాంట్ల ఇరాన్‌కు సుత వాటా ఉన్నది. అందుకే ఇరాన్‌తోని మంచిగుండక తప్పదు. గ్యాసును బాగా చల్లవెట్టి ద్రవం చేసి ఓడలకెత్తుతరు, సౌదీ రోడ్డుతోని పనే లేదు. గా పైసలతోని ఖతర్ తన సొంత రాజకీయం నడిపింది. 1996ల అల్ జజీరా టీవీ పెట్టింది. ముస్లిం బ్రదర్‌హుడ్‌కు అండగ నిలిచింది. సౌదీ, ఈజిప్టు పాలకులకు మండింది గిందుకే.

2017 జూన్ 5, రంజాన్ నెల. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు నాలుగూ ఒక్క రోజే ఖతర్‌తోని సంబంధాలు తెంచుకున్నయి. ఉగ్రవాదానికి సాయం చేస్తున్నదని నింద వేసినయి, ఖతర్ కాదన్నది. రోడ్డు, ఆకాశం, రేవులు అన్నీ బంద్. మన దిక్కు ఊళ్లల్ల పెద్దమనుషులు ఒక ఇంటిని బహిష్కరణ వెడితే కిరాణం ఇయ్యద్దు, చాయ పొయ్యద్దు, ఆటో ఎక్కించుకోవద్దు అంటరు చూడుండ్రి, అచ్చం గట్లనే. గా రోజే దోహ సూపర్ మార్కెట్లల్ల జనం ఎగబడి అరలు ఖాళీ చేసిండ్రు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కుకెల్లి బతుకుదెరువుకు పోయి ఆడ ఉన్నోళ్లు ఎంతమందో మీకు చెప్పే పనిలేదు.

తర్వాత 13 షరతులు పెట్టి పది రోజుల గడువిచ్చిండ్రు. అల్ జజీరా మూసెయ్యాలె, టర్కీ సైన్యం స్థావరం తీసెయ్యాలె, ఇరాన్‌తోని సంబంధాలు తగ్గించుకోవాలె, ఇట్ల. ఖతర్ ఒప్పుకోలే.

కానీ బహిష్కరణ వెట్టిన ఇంటికి సొంత బోరు ఉంటే ఏమైతది? టర్కీ, ఇరాన్ విమానాల మీద, ఓడల మీద తిండి పంపినయి. 2017 జూలైల బలద్నా అనే కంపెనీ ఆవులను విమానాలల్ల ఎక్కించి దించింది. నలభై అయిదు డిగ్రీల ఎండల ఎడారిల ఏసీ తీరు చల్లటి షెడ్లు కట్టి పాలు పిండింది. 2019 వచ్చేసరికి అదే కంపెనీ బయటి దేశాలకు పాలు అమ్మే కాడికి వచ్చింది. సెప్టెంబర్ 2017ల హమద్ రేవును పండుగ చేసి తెరిచిండ్రు, ఇగ జెబెల్ అలీ బదులు ఒమాన్ రేవులకెల్లి సరుకు నేరుగ వచ్చింది.

ఇదంత ఉత్తగ కాలేదు. మొదటి రెండు నెలలల్లనే ఖతర్ సర్కారు సుమారు 3,850 కోట్ల డాలర్లు దింపి బ్యాంకులను, వ్యాపారాన్ని నిలబెట్టిందని మూడీస్ సంస్థ లెక్క గట్టింది. గ్యాసు పైసలు లేని పేద దేశమైతే పది రోజులు సుత ఆగకపోతుండె. ఖతర్ ధైర్యాన్ని మెచ్చుకునేటోళ్లు ఈ ముక్క మర్చిపోతరు.

ఇంకో విచిత్రం ఉంది. ఖతర్ నుంచి యూఏఈకి డాల్ఫిన్ అనే గ్యాసు పైపులైను పోతది. బహిష్కరణ నడిచిన మూడున్నరేండ్లు గది ఒక్క రోజు బంద్ కాలే. దాన్ని ఆపితే దుబాయ్, అబుదాబీల ఏసీలకు కరెంటు కష్టమైతుండె. అటోళ్లు వద్దనలే, ఇటోళ్లు ఆపలే. పాలు బంద్, గ్యాసు చాలు!

దెబ్బ తిన్నది ఎవలంటే మామూలు జనం. ఖతరోళ్లు 14 రోజులల్ల వెళ్లిపోవాలన్నరు, భార్య ఒక దేశం భర్త ఒక దేశం అయిన కుటుంబాలు ఆగమైనయి. సౌదీ గడ్డి మీద మేస్తున్న ఖతరోళ్ల ఒంటెలను, గొర్లను వేలకు వేలు సరిహద్దు దాటించి తరిమిండ్రు. నోరులేని ఒంటెకు ఏ దేశం పాస్‌పోర్టు ఉంటది?

కువైట్ నడుమ పడి రాజీ చేసింది. 2021 జనవరి 5న సౌదీల అల్ ఉలాల సంతకాలైనయి. విమానం దిగిన ఖతర్ రాజు తమీమ్‌ను సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ అలాయ్ బలాయ్ తీసుకున్నడు. 2022 వరల్డ్ కప్‌ల సౌదీ అర్జెంటీనాను ఓడగొట్టిననాడు తమీమ్ సౌదీ జెండా మెడలేసుకొని కూసున్నడు. 2025 డిసెంబర్‌ల రియాద్ నుంచి దోహకు హైస్పీడ్ రైలు వెయ్యాలని రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నయి.

గా 13 షరతులు ఏమైనయంటరా? అల్ జజీరా నడుస్తనే ఉంది, టర్కీ సైన్యం ఆడనే ఉంది. సౌదీ పాల కంపెనీలకు మాత్రం 2017ల చేతికెల్లి జారిన బేరం మునుపటి తీరుగ మళ్ల దొరకలే. గిరాకీ ఇప్పుడు బలద్నా ఆవులది.