కంట్రోలు పోయింది

ఆర్కెస్ట్రా కీబోర్డుకు వయసు పైబడిందని మొట్టమొదట చెప్పేది వాల్యూమ్ నాబు. పెంచబోతే స్పీకర్లో గరగరమంటుంది. కాస్త కదిపితే సౌండు మాయం, ఇంకాస్త కదిపితే ఒక్కసారిగా మీద పడుతుంది. పెళ్ళి పందిట్లో అయితే వాయించేవాడు దాని నెత్తిన ఒకటి మొట్టి ఆ పూట గడిపేస్తాడు. మర్నాడు రిపేరు షాపులో వినబడే మాట ఒకటే: కంట్రోలు పోయింది.

ఈ మాట వినబడే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు పోయే ఒకే రైలు దారి మీద ఉన్నాయి. 2022 నుంచి మూడింటిదీ ఒకే జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా. అంతకన్నా పాత చుట్టరికం దుమ్ముతో. పాత అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పొడి నేల, ఎండ, గాలి. జాతర్లకూ పెళ్ళిళ్ళకూ వ్యాను మీద తిరిగే కీబోర్డు ఈ దుమ్మంతా మోస్తుంది. నాబు అయితే కొంత నయం, దాని కంట్రోలు చిన్న రేకు డబ్బాలో మూసుకుని ఉంటుంది. స్లైడరు అలా కాదు. చెయ్యి కదలడానికి పైన పొడుగాటి చీలిక ఉండాల్సిందే, ఆ చీలికలోంచే దుమ్ము దిగుతుంది. స్లైడరు మెత్తగా జారడానికి కంపెనీ వాళ్ళు లోపల పూసిన గ్రీజుతో కలిసి ముద్దవుతుంది.

లోపల ఉన్న యంత్రాంగం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కార్బన్ పూసిన పట్టీ ఒకటి, దానికి రెండు కొసల్లో రెండు కాళ్ళు. పట్టీ మీద రాసుకుంటూ తిరిగే లోహపు వేళ్ళకు మూడో కాలు. పూత అంతటా సమానంగా ఉన్న పట్టీ కొసల మధ్య ఐదు వోల్టులు ఇస్తే, వేళ్ళు సగం దూరంలో ఉన్నప్పుడు మూడో కాలి దగ్గర రెండున్నర దొరుకుతుంది. రాపిడి తప్పదు కాబట్టి అరుగుదలా తప్పదు. మామూలు రకం కంట్రోలు 10,000 సార్ల దాకా ఓర్చుకుంటే గొప్పే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో హార్మోనియంకు కూడా ముందువైపు లాగే గుబ్బలుంటాయి. అవి గాలికి దారి తెరిచి మూయడం తప్ప మరేమీ చెయ్యవు గనుక తరాలు నడుస్తాయి.

కంట్రోలు పుట్టుకకూ సంగీతానికీ సంబంధం లేదు. 1841లో జర్మనీ శాస్త్రవేత్త పోగెండార్ఫ్ వోల్టేజీని కచ్చితంగా కొలవడానికి పొటెన్షియోమీటర్ అనే ఏర్పాటు చేశాడు. రెండేళ్ళకు ఇంగ్లండులో వీట్‌స్టన్ అవరోధాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకునే రియోస్టాట్‌ను వివరించాడు. అప్పటికవి ప్రయోగశాల బల్ల మీది సామాను. వాటిని కళాకారుల చేతికి అందించిన వాళ్ళలో నాకు బాగా నచ్చే మనిషి మేరీ హాలక్ గ్రీన్‌వాల్ట్. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన పియానో కళాకారిణి. సంగీతంతో పాటు రంగురంగుల వెలుగు కూడా ఎక్కీ దిగీ సాగాలని ఆమె పట్టుదల. వెలుగును కుదుపు లేకుండా పెంచి తగ్గించే రియోస్టాట్ బజారులో లేకపోతే తానే తయారుచేసి పేటెంటు తీసుకుంది. దాన్ని అడక్కుండా వాడుకున్నారని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మీద కేసు వేసి 1934లో గెలిచింది కూడా. కంట్రోలును ఇంటింటికీ చేర్చింది మాత్రం రేడియో.

సింథసైజర్‌లో మాత్రం దాని హోదాయే మారిపోయింది. 1970లో వచ్చిన మినీమూగ్ వాయిద్యంలో జ్ఞాపకం అనేదే లేదు. ఏ నాబు ఎక్కడ నిలిచిందో అదే ఆ స్వరం. అందులో ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పైకెళ్తుంది. అంటే పన్నెండు మెట్ల దూరం. శ్రుతి కంట్రోలు పట్టీ మీద రవ్వంత మట్టి పడినా చెవికి తెలిసిపోతుంది. నిన్నటి కచేరీలో బాగా కుదిరిన శబ్దం ఇవాళ కావాలంటే నాబుల స్థానాలు కాగితం మీద గీసి పెట్టుకోవాల్సిందే.

పట్టుచీరలు నేసే ధర్మవరంలో ఈ ఇబ్బంది ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. నమూనాను గుర్తుపెట్టుకునే జకార్డు అట్టలు లేని మగ్గం మీద నిన్నటి బుటాను ఇవాళ మళ్ళీ తియ్యాలంటే ఎంత పాటో మినీమూగ్‌తో అంత పాటు. సింథసైజర్‌కు అట్టలు దొరికింది 1978లో, ప్రాఫెట్-5తో. మైక్రోప్రాసెసర్ నాబుల స్థానాలను అంకెలుగా చదివి, 40 స్వరాలను దాచి, మీట నొక్కగానే తిరిగి ఇచ్చేది.

రిపేరు చేసేవాడికి ఇక్కడొక కీలకం ఉంది. పాత పద్ధతి వాయిద్యంలో కంట్రోలు చెడితే గరగర వినిపిస్తుంది. అంకెలుగా చదివే యంత్రంలో గరగర ఉండకపోవచ్చు. 1984 నాటి రోలాండ్ జూనో-106 చూడండి. అందులో స్లైడరు నిలిచిన చోటును యంత్రం 0 నుంచి 127 లోపు అంకెగా మార్చుకుంటుంది. పట్టీ పాడైతే 60 నుంచి 61కి పోవాల్సిన అంకె 90కి గెంతి వెనక్కొస్తుంది. చెయ్యి నెమ్మదిగా కదులుతున్నా శబ్దం ఉలిక్కిపడుతుంది. ప్రాసెసర్ పోయిందనుకుని బోర్డు మీద పడేవాళ్ళున్నారు. (జూనోలో కొన్ని స్వరాలు పూర్తిగా మూగబోతే మాత్రం స్లైడర్లను తిట్టి లాభం లేదు. ఆ మోడల్లో స్వరాల చిప్పులు పోవడం లోకప్రసిద్ధం.)

ఈ యంత్రాలు మనకు దూరం కావు. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ, 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం విస్తుపోయింది. మద్రాసులో ఎ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. 1983 తరవాత యమహా డీఎక్స్7 రాజ్యమేలింది. అందులో నాబుల వరసలన్నీ ఎత్తేసి చదును మీటలు పెట్టారు. మిగిలినవి రెండే స్లైడర్లు, ఒకటి వాల్యూమ్‌కు, ఒకటి అంకెలు మార్చడానికి. స్వరాన్ని దిద్దే పని చాలావరకు ఆ రెండోదాని మీద పడింది. పాత డీఎక్స్7 దొరికితే ముందు దాన్నే జరిపి చూడాలి.

సరే, విప్పాం. కంట్రోలు మార్చేముందు శుభ్రం చెయ్యడం ధర్మం. ఇక్కడే ఎక్కువ యంత్రాలు చస్తాయి. కుట్టుమిషను నూనె, కిరోసిను, తుప్పు వదిలించే స్ప్రే, చేతికేది దొరికితే అది చీలికలోకి కొడతారు. ఆ పూటకు బాగైనట్టే ఉంటుంది. నూనె తడికి మన దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది, నెల తిరక్కుండా ముద్ద మొదటికన్నా చిక్కనవుతుంది. వాడాల్సింది కంట్రోళ్ళకని అమ్మే కాంటాక్ట్ క్లీనరు. రెండు చుక్కలు వేసి ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్ఫై సార్లు ఆడించాలి. అది పాత గ్రీజును కూడా కడిగేస్తుంది కాబట్టి స్లైడరు జారే అంచులకు మళ్ళీ కొంచెం పూయాలి, పట్టీకి తగలకుండా.

అప్పటికీ కుదరకపోతే మీటరు పెట్టి చూడాలి. ఈ పనికి డిజిటల్ మీటరుకన్నా పాత ముల్లు మీటరు మేలు. మూడో కాలికీ ఒక కొసకూ తగిలించి స్లైడరును మెల్లగా జరిపితే ముల్లు సాఫీగా ఎక్కాలి. ఎక్కడైనా ఉలిక్కిపడి మళ్ళీ దారికొచ్చిందంటే అక్కడ కార్బన్ లేచిపోయింది. అంకెల మీటరు ఆ గెంతును చదివేలోపే అది అయిపోతుంది.

కొత్తది తెచ్చేటప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. హిందూపురం నుంచి రైలెక్కితే బెంగళూరు ఎస్పీ రోడ్డులో గంపలకొద్దీ కంట్రోళ్ళు దొరుకుతాయి, కానీ విలువ సరిపోతే చాలనుకుని తేకూడదు. అవరోధం మారే తీరు కూడా చూడాలి. ధ్వని శక్తి పది రెట్లయితే గాని చెవికి రెండింతలైనట్టు తోచదు. అందుకని వాల్యూమ్ కంట్రోలు పట్టీ మొదట్లో నిదానంగా, చివర్లో జోరుగా పెరిగేట్టు పూస్తారు, దాన్నే లాగ్ అంటారు. దాని స్థానంలో సమానంగా పెరిగే లీనియర్ బిగిస్తే పావు తిప్పుకే హోరెత్తిపోతుంది, మిగతా ముప్పావు తిప్పినా పెద్ద తేడా ఉండదు. జపాను భాగాల మీద ‘ఎ’ అని ఉంటే లాగ్, ‘బి’ అని ఉంటే లీనియర్. పాత యూరపు భాగాల్లో ‘ఎ’ అంటేనే లీనియర్. అక్షరాన్ని నమ్మేకన్నా మీటరును నమ్మడం మంచిది.

ఇరుసు సంగతి మరీ చికాకు. అమెరికా నాబులు చాలావాటికి పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల బెజ్జం ఉంటుంది. జపాను ఇరుసు 6 మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాకే నాబు వదులుగా ఊగుతుంది. అదే అమెరికా ఇరుసు మీద జపాను ప్లాస్టిక్ నాబును బలవంతాన దిగేస్తే నిలువునా చీలుతుంది. స్లైడరుకైతే ఎంత దూరం జరుగుతుంది, పిడి ఎంత పొడుగు, కాళ్ళ మధ్య ఎంత ఎడం, మూడూ కలవాలి. పాతదాన్ని ఊడదీసేటప్పుడు సీసం పూర్తిగా పీల్చకుండా లాగితే బోర్డు మీది రాగి ప్యాడు కూడా లేచొస్తుంది. అప్పుడు కంట్రోలు పని పోయి బోర్డు పని నెత్తిన పడుతుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఈ కాలం కార్ల స్టీరియోల్లో చాలావాటి వాల్యూమ్ నాబు ఎంత తిప్పినా ఆగదు. దాని కింద ఉండేది ఎన్‌కోడరు, అవరోధపు పట్టీ కాదు. ఒక్కో అడుగుకూ ఒక్కో సంకేతం పంపుతుంది, యంత్రం వాటిని లెక్కపెట్టుకుంటుంది. కొత్త కీబోర్డుల్లోనూ ఇవి బాగా పెరిగాయి. అరగవని కాదు, అరిగితే లెక్క తప్పుతాయి, ముందుకు తిప్పితే అంకె వెనక్కి నడుస్తుంది. చవగ్గా దొరుకుతుంది కదా అని జూనోలోనో మినీమూగ్‌లోనో పాత కంట్రోలు తీసి దీన్ని పెడదామంటే నడవదు. ఆ యంత్రాలు అడుగులు లెక్కపెట్టవు, వోల్టేజీ కోసం చూస్తాయి. వాటికి మళ్ళీ మూడు కాళ్ళ కార్బన్ పట్టీయే తెచ్చి అతకాలి.