పడిన రౌతు మరల కంచె దాటుట ఎట్లు?

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన పెద్దల సామెత. రౌతు అలసత్వాన్ని మనస్సులో ఉంచుకొని ఆ మాట అని ఉందురు గాని, భయపడిన రౌతు విషయంలో అది ఇంకను నిజం. జీనుమీద కూర్చున్నవాని తొడల బిగువు, ఊపిరి, లగాము పట్టిన చేతి కదలిక గుర్రానికి క్షణక్షణం తెలుస్తూనే ఉంటాయి. ఒకసారి పడి, గాయం మానిన తరువాత మరల కంచె ముందుకు వచ్చిన రౌతు నోటితో ఎంత ధైర్యం పలికినను గుర్రం నమ్మదు.

బొగ్గుబావుల నడుమనున్న గోదావరిఖనిలో గుర్రపు స్వారీ ప్రసక్తి ఏమిటని కొందరు నవ్వవచ్చును. ఇక్కడ మనకు గుర్రం కనబడేది పెండ్లి ఊరేగింపులోనే. అయినను మన విద్యార్థులలో సైన్యానికి, పోలీసు శాఖకు, పశువైద్య విద్యకు పోగోరువారు కలరు. ఎన్.సి.సి.లో రిమౌంట్, వెటర్నరీ విభాగం ఒకటి ఉన్నది. 1948లో మౌంట్ ఆబూలో వెలసి 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణార్థులు స్వారీ నేర్వవలసి ఉన్నది. అంతవరకు గుర్రాన్ని తాకియైనను ఎరుగని యువతీయువకులు అక్కడ మొదటిసారి రికాబులో కాలు పెడతారు. వారిలో కొందరు అక్కడే మొదటిసారి నేలనుకూడా చూస్తారు.

ఈ విద్యకు సంబంధించిన పదజాలం మన కళాశాలలోని రెండు భాషలకు ఉమ్మడి ఆస్తి అని కూడ చెప్పవలెను. జీను, లగాము, రికాబు, సవారి అను మాటలు పారసీకం నుండి ఉర్దూకు, తెలుగుకు వచ్చినవి. అశ్వవైద్యానికి ఆద్యుడని చెప్పబడే శాలిహోత్రుని పేరు మాత్రం ఎదురుదారిని పోయి ఉర్దూలో ‘సాలోత్రి’ అయినది. పశువైద్యునికి అదే నామం. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణసారము’ అను గ్రంథమే రచించినాడు.

ఇక విషయానికి వద్దాం. గుర్రం కంచె దాటడంలో ఐదు దశలు కలవు: సమీపించుట, లేచుట, గాలిలో సాగుట, నేలకు దిగుట, ముందుకు కదలుట. చూచేవారికి గాలిలోని క్షణమే గొప్పగా కనిపిస్తుంది. తెలిసినవారు మాత్రం మొదటి దశనే గమనిస్తారు. గుర్రానికి కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచేత నుదుటికి సరిగా ఎదురుగా ఉన్నది దానికి కనబడదు. కంచెకు మిక్కిలి దగ్గరైనప్పుడు ఆ కంచె దాని దృష్టినుండి చాలావరకు తప్పిపోతుంది. కావున కొంత దూరంనుండియే తల ఎత్తి, దించి ఎత్తును, దూరాన్ని అంచనా వేసుకొనే స్వేచ్ఛ దానికి ఉండవలెను.

భయపడిన రౌతు సరిగా ఆ స్వేచ్ఛనే హరిస్తాడు. అతని చూపు కంచెకు ఆవలనుండక క్రింది కర్రమీద నిలుస్తుంది. ఊపిరి బిగబట్టుతాడు. మోకాళ్ళు బిగిస్తాడు. అందుచేత మడమ పైకి లేచి కాలి ఆధారం పోతుంది. అన్నిటికంటె హానికరమైనది, కడపటి రెండు మూడు అంగలలో లగాము వెనుకకు లాగుట. కాళ్ళు ‘పొమ్ము’ అంటూ ఉండగా చేతులు ‘వలదు’ అంటూ ఉంటే పాపం ఆ జంతువు ఏ ఆజ్ఞ పాలించవలెను? అది ఆగిపోతుంది, లేదా ప్రక్కకు తిరుగుతుంది. రౌతు మాత్రం ముందుకే పోతాడు! ఈ విధంగా మొదటి పతనం వలన పుట్టిన భయం రెండవ పతనానికి కారణమవుతుంది. భయం నిజమై తీరుట చూచి మనస్సు దానిని మరింత గట్టిగా నమ్ముతుంది.

లగాము లాగరాదను ఈ సూత్రం నేడు సామాన్యంగా తోచును గాని, దానికి ఒక చరిత్ర కలదు. పూర్వం ఐరోపా అశ్వికులు కంచెమీద వెనుకకు వాలి గుర్రం నోటిని బిగించి పట్టేవారు. ఇటలీ అశ్వికదళాధికారి ఫెదెరికో కాప్రిల్లీ (1868–1907) ఆ పద్ధతిని తలక్రిందులు చేసి, రౌతు ముందుకు వంగి బరువును రికాబులపై ఉంచి గుర్రం మెడకు స్వేచ్ఛ ఇవ్వవలెనని నిరూపించాడు. లోకమంతటికి గుర్రపు దూకుడు నేర్పిన ఆ మహనీయుడు కూడ చివరకు గుర్రంపైనుండి పడియే మరణించాడు. కావున ఈ విద్యలో పడుట అసమర్థతకు గుర్తు కాదు.

పడినవానికి మిత్రులు ఒక షేర్ వినిపించి వీపు తట్టుతారు, లేదా ‘వెంటనే మరల ఎక్కు’ అంటారు. ఈ రెండవ సలహాలో సగం సత్యమున్నది. భయపడిన వస్తువునుండి తప్పించుకొన్న ప్రతిసారి మనస్సుకు ఊరట కలుగుతుంది. ఆ ఊరటయే భయానికి ఆహారం. 1924లో మేరీ కవర్ జోన్స్ అను మనోవిజ్ఞానవేత్త కుందేలును చూచి హడలిపోయే పీటర్ అను బాలునికి, ఇష్టమైన తినుబండారం ఇస్తూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి ఆ భయం పోగొట్టినది. 1958లో జోసెఫ్ వోల్పే ఇట్టి క్రమపద్ధతిని చికిత్సగా తీర్చిదిద్దాడు. భయాన్ని ఒక్కసారి ఎదిరించుట కాదు, దానిని మెట్లు మెట్లుగా విడదీయుట ఇందలి కీలకం.

సలహాలోని మిగిలిన సగం ప్రమాదకరం. తలకు దెబ్బ తగిలినవాడు అదే రోజు మరల ఎక్కరాదు. తలనొప్పి, వాంతి, మగత, జరిగినది జ్ఞాపకం లేకపోవుట కనిపిస్తే వైద్యుని చూడక తప్పదు. గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణం పైకి చెక్కుచెదరనట్లు ఉన్నా మార్చవలెను. 1960 రోమ్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియా రౌతు బిల్ రాయ్‌క్రాఫ్ట్ పడి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరి, వైద్యులు వలదన్నను మరునాడు వచ్చి కంచెలు దాటి తన జట్టుకు స్వర్ణం సాధించాడు. అప్పుడు అతని వయస్సు 45. కథ విన్నప్పుడు రోమాంచం కలుగును. కాని అది అనుకరించదగినదని నేను అనుకోను. నేటి నిబంధనలలో మైదానపు పరుగున పడిన రౌతును ఆ పోటీనుండి తొలగిస్తారు. అది న్యాయమే.

గాయం మానిన తరువాత మొదటి పని ఎక్కుట కాదు, ఎందుకు పడితినో తెలుసుకొనుట. కంచెకు మరీ దగ్గరగా వచ్చినదా, నేల తడిగా ఉన్నదా, చూపు క్రిందికి పోయినదా? కారణం దొరికినప్పుడు ‘గుర్రమంటేనే భయం’ అనునది ‘ఆ మలుపు తరువాత తొందరపడుట అంటే భయం’ అని చిన్నదవుతుంది. చిన్న భయానికి మందు వేయవచ్చును.

పిదప ఏండ్ల అనుభవంగల శాంతమైన గుర్రాన్ని ఎన్నుకోవలెను. గురువు పొడవైన త్రాటితో దానిని వలయంగా నడిపిస్తూ ఉండగా రౌతు లగాము లేకుండ కూర్చొని, చేతులు చాచి, బిగ్గరగా లెక్కపెట్టవలెను. లెక్క పెట్టువాడు ఊపిరి బిగబట్టలేడు గదా! తరువాత నేలపై పరచిన కర్రలు. దుల్కీ నడకకు ఒక కర్రకు మరొక కర్రకు నడుమ సుమారు 4½ అడుగులు ఉంచుతారు. వాటిపై లయ కుదిరినాక రెండు కర్రలను గుణకారపు గుర్తువలె వాల్చి, నడుమ అడుగు ఎత్తైనను లేని చిన్న కంచె. ఒలింపిక్సులో కంచె ఎత్తు 1.65 మీటర్ల వరకు ఉండును గాని ఆ సంఖ్యతో ఇప్పుడు మనకు పని లేదు. గుర్రం మెడకు ఒక తోలుపట్టీ కట్టి, దూకేటప్పుడు దానిని పట్టుకొంటే లగాము లాగే చెడ్డ అలవాటు తప్పుతుంది. చూపు దూరపు చెట్టుమీద ఉండవలెను. బాగా దాటినప్పుడే పాఠం ముగించవలెను. ‘ఇంకొక్కటి’ అను ఆశ చాలా మందిని మరల నేలకు దించినది.

పాత భయం తుడిచివేయబడదు. దానిమీద క్రొత్త అనుభవం పొరగా ఏర్పడుతుంది, అంతే. అందుచేతనే ఒకే మైదానంలో ధైర్యం వచ్చినవాడు క్రొత్త చోట మరల వణకవచ్చును. అది ఓటమి కాదు. రెండు మెట్లు దిగి మరల ఎక్కవలెను.

ఈ మాట వ్రాస్తున్నప్పుడు మన ఇండ్లలోని మాట జ్ఞప్తికి రాక మానదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి 17 మంది కార్మికులు అసువులు బాసినారు. అటువంటి దినాల తరువాత బాయి దిగవలసిన తండ్రులు, అన్నలు మనలో చాలా మందికి ఉన్నారు. వారికి కూడ ‘ధైర్యంగా దిగు’ అనుట సులభం. కాని రెండింటికి ఒక భేదం కలదు. కంచె ముందు మిగిలిపోయిన భయం చాలావరకు జ్ఞాపకం మాత్రమే. బాయిలో పైకప్పును కర్రతో తట్టి శబ్దం విని అనుమానించువాని భయం జ్ఞానం. దానిని పోగొట్టరాదు. శిక్షణ ఇవ్వవలసినది కాళ్ళను వణికించే భయానికి, చెవిని మేల్కొలిపే భయానికి కాదు. గని ప్రమాదాలలో రక్షకులుగా పోవువారు ముందుగా శ్వాసపరికరాలు ధరించి పొగ నింపిన గదిలో పదేపదే అభ్యసించుట కూడ మెట్లవారీ పద్ధతియే.

మన దేశంలో ఈ విద్యకు ఆదరణ తక్కువైనను కీర్తి లేకపోలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘువీర్ సింగ్ స్వర్ణం, గులాం మహమ్మద్ ఖాన్ రజతం సాధించారు. తరువాత 36 ఏండ్లకు, 2018 జకార్తా క్రీడలలో బెంగళూరు యువకుడు ఫవాద్ మీర్జా మరల వ్యక్తిగత రజతం తెచ్చాడు. వారు పోటీపడినది మూడు పరీక్షల పోటీ. అందులో మైదానపు కంచెలు చాలావరకు కదలవు, విరగవు. తగిలితే పడవలసినది గుర్రమూ, రౌతూనే.

గుర్రం కూడ పడుతుందని, దానికీ జ్ఞాపకముంటుందని రౌతులు తరచు మరచిపోతారు. కంచెకు తగిలి మోకాలు గాయపడిన గుర్రం తరువాత అదే రంగు కర్రను చూచి బెదరవచ్చును. దానికి కూడ మొదట నేలమీది కర్రయే చూపి, వాసన చూడనిచ్చి, నడకలో దాటించి, మెడ నిమిరి వెనుకకు తీసికొనిపోతారు. మరునాడు కర్రను ఒక ఇటుక ఎత్తున ఉంచుతారు.