కరెంటు దారి తప్పితే

ఆలూరులో ఒక అమ్మ నీళ్ళ మోటరు వేయబోయింది అనుకుందాం. మోటరు మీద చెయ్యి పడగానే జివ్వుమంది. "అమ్మో! కరెంటు లీకవుతోంది" అంటూ చెయ్యి వెనక్కు తీసుకుంది.

కుండ కారితే తడి కనిపిస్తుంది. కరెంటు లీకయితే కంటికి కనిపించదు. తీగ మీది తొడుగు చినిగినా, తడి చేరినా కరెంటు ఇనుము మీదికి వస్తుంది. ఆ ఇనుమును ముట్టుకుంటే మన ఒంటిలో నుంచి భూమిలోకి పోతుంది. ఇదే లీకేజీ.

ఈ బెడద కొత్త రకం కార్లకూ ఉంది. వాటిని హైబ్రిడ్ కార్లు అంటారు. వీటిలో పెట్రోలు ఇంజను ఉంటుంది. కరెంటు మోటరు కూడా ఉంటుంది. టయోటా కంపెనీ 1997లో జపానులో ప్రియస్ అనే హైబ్రిడ్ కారును అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశంలోనూ ఇలాంటి కార్లు తిరుగుతున్నాయి.

మామూలు కారు బ్యాటరీ 12 వోల్టులు. ప్రియస్‌లాంటి కార్లలో చిన్న చిన్న సెల్లులను పూసల దండలాగా వరుసగా కలుపుతారు. అప్పుడు బలం 200 వోల్టుల దాకా పెరుగుతుంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. అంటే కారు బ్యాటరీ కూడా ప్రాణం తీయగలదు.

అందుకే ఈ బ్యాటరీ తీగలు రెండూ కారు ఇనుముకు తగలకుండా కడతారు. ఒక్క వైపే లీకయితే వెంటనే షాకు కొట్టకపోవచ్చు. రెండో వైపు కూడా లీకయితే కరెంటుకు దారి దొరుకుతుంది. అప్పుడే ప్రమాదం. కారులోని కంప్యూటరు మొదటి లీకేజీనే పసిగట్టి, డ్రైవరు ముందు దీపం వెలిగిస్తుంది.

"ఒక లైటే కదా, ఏం కాదులే" అనుకోకూడదు.

లీకేజీ ఎందుకు వస్తుంది? లోపలికి నీళ్ళు పోవచ్చు. ఎలుకలు తీగ కొరకవచ్చు. సెల్లు పగిలి లోపలి రసం కారవచ్చు.

మెకానిక్కు దీన్ని ఎట్లా పట్టుకుంటాడు? ముందు కారు ఆపుతాడు. రబ్బరు చేతి తొడుగులు వేసుకుంటాడు. బ్యాటరీని విడదీసే ప్లగ్గు తీస్తాడు. మిగిలిన కరెంటు దిగిపోవడానికి సుమారు 10 నిమిషాలు ఆగుతాడు. ప్లగ్గు తీసినా బ్యాటరీ పెట్టె లోపల బలం ఉంటుంది. అది మరచిపోకూడదు. తరువాత మోటరును, ఏసీని, తీగలను, బ్యాటరీని ఒక్కొక్కటిగా వేరు చేసి మీటరుతో చూస్తాడు. ఎక్కడ లీకేజీ కనిపిస్తే తప్పు అక్కడే.

మన ఇంట్లోనూ ఇదే ఉపాయం. లీకేజీని పట్టే స్విచ్చి పడిపోతే అన్ని ప్లగ్గులూ తీయాలి. స్విచ్చి మళ్ళీ వేయాలి. పొడి చేతులతో ఒక్కొక్క ప్లగ్గే పెట్టాలి. దేనితో స్విచ్చి పడిపోతే అది చెడినట్టు. దాన్ని వాడవద్దు. ఏ ప్లగ్గూ లేకపోయినా స్విచ్చి నిలవకపోతే తప్పు గోడ తీగల్లో ఉండవచ్చు. కరెంటు పని తెలిసినవారిని పిలవాలి.

గుర్తుంచుకుందాం:

కారులో నారింజ రంగు తీగలను ముట్టుకోవద్దు. పిల్లలను ముట్టనివ్వవద్దు.

కారు లోపల పైపుతో నీళ్ళు కొట్టవద్దు.

దీపం వెలిగితే కారును బాగుచేసే చోట చూపించాలి. బ్యాటరీ పెట్టెను మనం విప్పవద్దు.

ఇంట్లో ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగవద్దు. ముందు మెయిను ఆపాలి.

మీ ఇంట్లో మెయిను స్విచ్చి ఎక్కడ ఉంది? ఈ రోజే చూసి, ఇంట్లో అందరికీ చూపించండి.