రోడ్డు చీల్చిన వీధిలో ఓ ఆదివారం

అట్లాంటా: ఈ ఊరొచ్చిన తెలుగువాళ్లకి ముందుగా చూపించేవి అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, రివర్‌డేల్ వెంకన్న గుడి. ఆబర్న్ అవెన్యూకి వెళ్లినా మార్టిన్ లూథర్ కింగ్ సమాధి దగ్గర ఫొటో దిగి వచ్చేస్తాం. మొదటిసారి మేమూ అంతే చేశాం. ఈసారి సెలవు దొరికిన ఓ ఆదివారం నలుగురం కలిసి వీధంతా నడిచాం.

1906లో ఈ ఊళ్లో తెల్లవాళ్ల గుంపులు నల్లజాతివాళ్లపై పడి చంపాయి. దుకాణాలు ధ్వంసం చేశాయి. ఆ తర్వాత నల్లజాతి వ్యాపారులు ఒక్కొక్కరే ఆబర్న్ వైపు జరిగారు. బ్యాంకు, పత్రిక, మందుల షాపు, హోటలు, అన్నీ అక్కడే. 1956లో ఫార్చ్యూన్ పత్రిక ప్రపంచంలో నల్లజాతివాళ్ల వీధులన్నిటిలోకీ ఇదే ధనిక వీధని రాసింది. జాన్ వెస్లీ డాబ్స్ అనే పెద్దమనిషి దీన్ని ముద్దుగా 'స్వీట్ ఆబర్న్' అన్నాడు. ఆ పేరే నిలిచింది.

మాకు బాగా పట్టుకున్నది అలోంజో హెర్న్‌డన్ కథ. 1858లో బానిసగా పుట్టాడు. క్షౌరం పని నేర్చి సొంత సెలూన్లు పెట్టాడు. అప్పట్లో పేదలు చర్చి సంఘాల్లో వారానికింతని చిల్లర డబ్బులు కట్టేవాళ్లు. జబ్బు చేస్తే, చనిపోతే అందులోంచి ఇచ్చేవారు. 1905లో అలాంటి ఓ చిన్న సంఘాన్ని హెర్న్‌డన్ కొన్నాడు. అదే తర్వాత అట్లాంటా లైఫ్ అనే పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ అయింది. ఆ బిల్డింగు ముందు నిలబడి మాలో ఒకడు 'మనం చేసేదీ ఇదే కదరా' అన్నాడు. నిజమే. గల్ఫ్‌లో మనవాడు పోతే శవం ఊరు చేరడానికి క్యాంపుల్లో తలా ఇంత వేసుకుంటాం. కాకపోతే మన చందా ఆ రోజుతో సరి. కంపెనీ కాలేదు.

కింగ్ 1929లో పుట్టిన ఇల్లు 501 నంబరు. రెండంతస్తుల చెక్క ఇల్లు, బయటి నుంచే చూశాం. దానికి దగ్గర్లోనే మిల్లు కూలీలకి కట్టిన వరస ఇళ్లున్నాయి. గది వెనక గది, అంతే. ముందు తలుపులోంచి తుపాకీ పేలిస్తే గుండు వెనక తలుపులోంచి పోతుందని వాటిని షాట్‌గన్ ఇళ్లంటారు. గొప్ప ఇంటితో పాటు కూలీల ఇళ్లనీ బాగుచేసి నిలబెట్టారు. చెక్క ఇళ్లని వందేళ్లు నిలపడం ఎంత కష్టమో పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. పడగొట్టి కట్టడం సులువు.

పాత ఎబెనీజర్ చర్చి 1922లో పూర్తయింది. కింగ్ బోధించింది ఇక్కడే. ఆయన తల్లి ఆల్బర్టా 1974లో ఆర్గన్ వాయిస్తుండగా కాల్పులకి బలైందీ ఇక్కడే. లోపల కాసేపు ఎవరం మాట్లాడలేదు. కింగ్ సెంటర్ వైపు గాంధీగారి విగ్రహం ఉంది. 1959లో కింగ్ దంపతులు మన దేశానికి వచ్చి వెళ్లారు.

ఇక వీధి మధ్యకొస్తే నెత్తిన హైవే. 1950, 60ల్లో వేసిన ఆ రోడ్డు ఆబర్న్‌ని రెండు ముక్కలు చేసింది. ఇళ్లు, కొట్లు పోయాయి, మనుషులూ వెళ్లిపోయారు. వివక్ష చట్టాలు పోయి ఊళ్లో ఎక్కడైనా కొనుక్కునే వీలు రావడంతో బేరాలూ తగ్గాయి. డ్రాయింగు మీద అది ఒక గీత. మార్కింగు వేసేవాడికి కింద ఎవరి కొట్టుందో కనపడదు. ఆ పని మేమూ చేస్తాం గనక చెబుతున్నాం. 1976లో దీన్ని జాతీయ చారిత్రక ప్రాంతంగా గుర్తించారు. అప్పటికే సగం పోయింది. 2008 సుడిగాలికి మరికొన్ని బిల్డింగులు దెబ్బతిన్నాయి.

హైవే పక్కనే డాబ్స్ కంచు ముఖం ఉంది. వెనక్కి వెళ్లి ఆయన కళ్ల రంధ్రాల్లోంచి ఆబర్న్‌ని చూడొచ్చు. మేం వంతులవారీగా చూశాం. పైన లారీలు పోతూనే ఉన్నాయి.