వాడని బ్యాటరీ ఎందుకు చచ్చిపోతుంది?

పోయినేడు జూన్‌లో మా తాత నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కారణం ఒక ట్రాక్టర్ బ్యాటరీ. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే కారణం నేను. ఆ కథ, దాని వెనకున్న సైన్స్ రెండూ ఇక్కడ రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే కాబట్టి నా తెలుగు అక్కడక్కడా తడబడొచ్చు, సర్దుకోండి. మీ బైక్, మీ ఇంట్లో ఇన్వర్టర్, మీ ల్యాప్‌టాప్‌కి కూడా ఇది పనికొస్తుంది.

మాది శామీర్‌పేట దగ్గర చిన్న ఊరు. చుట్టూ పొలాలు సగం వెంచర్లయిపోయాయి. మాకింకా మూడెకరాలుంది. నాన్న మేడ్చల్‌లో కంపెనీ డ్యూటీకి పోతాడు, సేద్యం అంతా తాతదే. ఏప్రిల్‌లో యాసంగి వరి కోతలు అయ్యాక ట్రాక్టర్‌ని రేకుల షెడ్డులో పెట్టేస్తాం. మళ్ళీ దాని అవసరం మృగశిర కార్తెకి, అంటే జూన్ రెండో వారానికి. మధ్యలో దగ్గర దగ్గర రెండు నెలలు అది ఖాళీ.

జూన్‌లో మొదటి వాన మంచిగా పడింది. మక్కలు పెట్టే చెలక తడి ఆరకముందే దున్నాలి. తాత పొద్దున్నే తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క శబ్దం, అంతే.

"ఏమైంది రా? కోతలప్పుడు మంచిగనే ఉండె గదా!"

పక్క పొలం వాళ్ళ ట్రాక్టర్‌తో లాగి స్టార్ట్ చేద్దామంటే, అందరికీ అదే వాన, అదే తొందర. ఎవరి బండీ ఖాళీ లేదు. మూడో రోజు సాయంత్రం ఒకాయన దయ తలిచి వచ్చి లాగాడు. ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదని అన్నం తినేటప్పుడు కూడా ఆపకుండా దున్నారు. అప్పటికే పై తడి సగం ఆరిపోయింది. తర్వాత మెకానిక్ అన్న వచ్చి, బ్యాటరీని చార్జింగ్ పెట్టి, లోడ్ టెస్ట్ చేసి పెదవి విరిచాడు. కొత్తది కొనాల్సొచ్చింది. ఏడు వేలు.

పోతూ పోతూ ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "తమ్మీ, ఈ పాటల డబ్బా ఎవరు పెట్టిండ్రు?"

నేనే పెట్టాను. సంక్రాంతి సెలవుల్లో యూట్యూబ్ చూసి ఒక బ్లూటూత్ ప్లేయర్ బిగించాను. తాళం వైరుకి కలపడం రాక, నేరుగా బ్యాటరీకే కలిపేశాను. స్విచ్ ఆఫ్ చేసినా దాని లోపలి సర్క్యూట్ మేలుకునే ఉంటుంది. మెకానిక్ అన్న మీటర్ పెట్టి చూపించాడు: 40 మిల్లీ ఆంప్స్.

నలభై మిల్లీ ఆంప్స్ అంటే ఏముంది, చీమంత కదా అనుకున్నాను. లెక్క వేసి చూడండి. 0.04 ఆంప్స్ ఇంటూ 24 గంటలు, రోజుకి 0.96 ఆంపియర్ అవర్. షెడ్డులో ఉన్నది 54 రోజులు. మొత్తం దాదాపు 52 ఆంపియర్ అవర్. మా బ్యాటరీ సామర్థ్యం కొత్తగా ఉన్నప్పుడే 75. సీఎస్ఈ వాళ్ళకి ఒక్క మాటలో చెప్తే, అది మెమరీ లీక్. ప్రోగ్రామ్ కాసేపు నడిపితే ఏమీ తెలీదు, రోజుల తరబడి వదిలేస్తే సిస్టమ్ కూలిపోతుంది. రోజూ ట్రాక్టర్ నడిచినన్నాళ్ళు ఇంజన్ మళ్ళీ చార్జ్ చేసేది కాబట్టి నా బగ్ బయటపడలేదు.

సరే, ప్లేయర్ లేకపోతే బ్యాటరీ క్షేమమేనా? పూర్తిగా కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కనిపెట్టిన లెడ్ ఆసిడ్ బ్యాటరీయే ఇప్పటికీ మన ట్రాక్టర్లలో, కార్లలో, చాలా ఇన్వర్టర్లలో ఉంది. ఒక రకం పలకల మీద సీసం, ఇంకో రకం పలకల మీద లెడ్ డయాక్సైడ్, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆసిడ్. కరెంట్ వాడుకుంటున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. కానీ ఏమీ వాడకపోయినా లోపల ఈ రియాక్షన్ నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. దీన్నే సెల్ఫ్ డిశ్చార్జ్ అంటారు. మంచి బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకి సుమారు 3 నుంచి 5 శాతం ఇలా పోగొట్టుకుంటుంది. పాతదైతే ఇంకా ఎక్కువ.

కొత్తగా ఏర్పడిన లెడ్ సల్ఫేట్ మెత్తగా, సన్నగా ఉంటుంది, చార్జ్ చేస్తే కరిగిపోతుంది. అలాగే వారాలు వదిలేస్తే ఆ సన్న స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. చక్కెర పాకాన్ని కదపకుండా చాలా రోజులు వదిలేస్తే కలకండ కడుతుంది చూడండి, అలాగన్నమాట. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా అవి పూర్తిగా కరగవు. పలకల్లో అంత భాగం పనికిరాకుండా పోయినట్టే. దీని పేరు సల్ఫేషన్. కాబట్టి బ్యాటరీ చచ్చేది వాడనందుకు కాదు, ఖాళీగా పడి ఉన్నందుకు. మా పాత బ్యాటరీ చార్జింగ్ పెట్టినా లేవకపోవడానికి కారణం ఇదే.

చలి దేశాల్లో ఇదే గొడవ పడవల వాళ్ళకి ఉంటుంది. సరస్సులు గడ్డకట్టే ముందు పడవలు ఒడ్డుకి లాగి, వసంతం వచ్చేదాకా నెలల తరబడి పక్కన పెడతారు. బ్యాటరీలు విప్పి, ఫుల్ చార్జ్ చేసి దాస్తారు. ఫుల్ చార్జ్‌లో ఉన్న ఆసిడ్ సున్నాకి 50 డిగ్రీలు కిందకి పోయినా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే కాబట్టి సున్నాకి కొన్ని డిగ్రీల కిందే గడ్డకట్టి డబ్బా పగిలిపోతుంది. అది తప్పితే చలి బ్యాటరీకి మంచిదే, సెల్ఫ్ డిశ్చార్జ్ బాగా తగ్గుతుంది.

మనకి అంతా ఉల్టా. మన ‘వింటర్’ ఏప్రిల్, మే నెలలే. ప్రతి 10 డిగ్రీల వేడికి సెల్ఫ్ డిశ్చార్జ్ సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు తెలుసు. నెలకి 4 శాతం పోయేది అక్కడ 10 శాతం దాటినా ఆశ్చర్యం లేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. మే నెలలో ఒక ఆదివారం హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడు "ఒకసారి బండి స్టార్ట్ చెయ్ రా, బ్యాటరీకి మంచిది" అన్నాడు తాత. నాలుగుసార్లు తిప్పితే గానీ అందుకోలేదు. ఐదు నిమిషాలు నడిపి, పని అయిపోయిందని ఆపేశాను. నిజానికి అది మేలు కన్నా కీడే చేసింది. డీజిల్ ఇంజన్ స్టార్టర్ ఒక 250 ఆంప్స్ లాగుతుందనుకుందాం. నాలుగుసార్లు కలిపి 40 సెకన్లు తిప్పితే దాదాపు 2.8 ఆంపియర్ అవర్ ఖర్చు. స్లోలో నడుస్తున్న ఇంజన్ 10 ఆంప్స్ చార్జింగ్ ఇచ్చిందనుకున్నా, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేది 0.8 మాత్రమే. స్టార్ట్ చేస్తే అరగంట, గంట పని చేయించాలి. లేదంటే ముట్టుకోకపోవడమే నయం.

ఈ ఏడు ఏప్రిల్‌లో నేను చేసిన పనులు వరసగా ఇవి.

ఒకటి, విప్పడం. ముందు నెగటివ్ వైర్, తర్వాత పాజిటివ్. బండి బాడీ మొత్తం నెగటివ్‌కి కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలి పెద్ద మెరుపు వస్తుంది. నెగటివ్ ముందే విప్పేస్తే ఆ ప్రమాదం లేదు. బిగించేటప్పుడు దీనికి ఉల్టా, నెగటివ్ చివర్లో.

రెండు, కడగడం. మూతలు గట్టిగా బిగించి, టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా నీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. తుడిచి ఆరాక వ్యాజిలిన్ రాశాను. పైన దుమ్మూ తడీ కలిసినా రెండు టెర్మినళ్ళ మధ్య సన్నగా కరెంట్ పారుతుంది, అదీ ఒక లీకే.

మూడు, ఫుల్ చార్జ్. ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంట్ చాలు, 75కి ఏడెనిమిది ఆంప్స్. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. అందుకే వరండాలో, గాలి ఆడే చోట పెట్టి, తాతని బీడీతో ఆ పక్కకి రావద్దని చెప్పాను. "నా ఇంట్ల నాకే రూల్సా?" అన్నాడు గానీ, దూరంగానే కూర్చున్నాడు.

నాలుగు, నీళ్ళు. చార్జింగ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్ గుర్తు వరకూ పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో పొంగి ఆసిడ్ బయటకొస్తుంది. పలకలు తేలి కనబడితే మాత్రం అవి మునిగే అంత ముందే పోయాలి. బోరు నీళ్ళు వద్దు, అందులో ఉప్పులుంటాయి. ఆసిడ్ అసలే వద్దు, ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఆసిడ్ కాదు. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలకి ఈ పని ఉండదు. కళ్ళద్దాలు, చేతులకి గ్లౌజులు మర్చిపోవద్దు.

ఐదు, చోటు. షెడ్డులోంచి తీసి మెట్ల కింద నీడలో, పిల్లలకి అందకుండా పెట్టాను. నేల మీద పెడితే చార్జ్ దిగిపోతుందని మా నాయనమ్మ కింద చెక్క వేయించింది. పాతకాలం డబ్బాల్లో అందులో కొంత నిజం ఉండేదేమో గానీ, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకి నేలతో ఏ ఇబ్బందీ లేదు. అయినా చెక్క తీయలేదు, నష్టమేం లేదు కదా.

ఆరు, నెలకోసారి మల్టీమీటర్. చార్జింగ్ తీసిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, కొన్ని గంటలు ఆగి చూడాలి. 12.6 వోల్టులు పైన ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12 కిందకి దిగితే ప్రమాదంలో ఉన్నట్టు. నేను పెట్టుకున్న రూల్, 12.4కి రాగానే మళ్ళీ చార్జ్ చేయడం. మేలో ఒక్కసారి చేశాను.

ప్లేయర్ తీసేయలేదు. తాతకి పాటలు కావాలి. దాన్ని తాళం వైరుకి, మధ్యలో ఫ్యూజ్ పెట్టి, మెకానిక్ అన్న దగ్గర నేర్చుకుని మార్చాను.

ఇప్పుడు మీ సంగతి. సెమ్ సెలవులకి హాస్టల్ పార్కింగ్‌లో బైక్ వదిలి వెళ్తున్నారా? చిన్న బ్యాటరీ 5 ఆంపియర్ అవర్ అనుకోండి. డిజిటల్ మీటర్ 2 మిల్లీ ఆంప్స్ లాగినా రెండు నెలల్లో దాదాపు 3 పోతుంది, సగం కంటే ఎక్కువ. వెళ్ళే ముందు నెగటివ్ వైర్ విప్పేయండి, పది నిమిషాల పని. ల్యాప్‌టాప్, ఫోన్, చాలావరకు ఈవీ స్కూటర్లలో ఉండేది లిథియం, దాని లెక్క వేరు. దాన్ని ఫుల్‌గా ఉంచి నెలలు దాస్తే త్వరగా ముసలిదవుతుంది, పూర్తిగా ఖాళీ చేసినా పాడవుతుంది. సుమారు సగం చార్జ్‌లో, చల్లని చోట పెట్టండి. ఈ రెండిటినీ కలపొద్దు. సీసం నిండుగా, లిథియం సగం.

చచ్చిన బ్యాటరీని గుజరీకి అమ్మేయొద్దు. ఇష్టమొచ్చినట్టు పగలగొడితే సీసం మట్టిలోకి, నీళ్ళలోకి, పిల్లల ఒంట్లోకి పోతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే షాపులోనే పాతదిస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

ఈసారి వాన పడిన మర్నాడు పొద్దున మీటర్ పెట్టి చూశాను, 12.6. పాజిటివ్ బిగించి, చివర్లో నెగటివ్ బిగించాను. తాత తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. నావైపు చూసి ఏమీ అనలేదు. ప్లేయర్ ఆన్ చేసుకుని చెలకకి పోయాడు.