మాట తేడా, ఖాళీ తేడా

ప్రోగ్రాం నడిస్తే చాలు, దాని గురించి రాసిన కాగితాలు ఎవరు చదువుతారులే అనుకోవడం ప్రాజెక్టు రోజుల్లో మనందరికీ అలవాటే. కాని ప్రోగ్రామును చదివేది యంత్రం, వివరణ పత్రాన్ని చదివేది మనిషి. అర్థం కాని ఆజ్ఞ ఇస్తే యంత్రం మొరాయిస్తుంది. మనిషి మాత్రం తనకు తోచిన అర్థం చెప్పుకుని ముందుకు పోతాడు. చిక్కంతా అక్కడే!

థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం సంగతి చూడండి. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు దానివల్ల మితిమీరిన రేడియేషన్‌కు గురయ్యారు. అసలు దోషం సాఫ్ట్‌వేర్‌దే. అయితే 1986లో టెక్సాస్‌లో తెరమీద 'మాల్‌ఫంక్షన్ 54' అని కనిపిస్తే, ఆపరేటరు చేతిలోని పుస్తకంలో దానికి అర్థమే లేదు. అటువంటి సందేశాలు తరచూ వచ్చిపోయేవే గనుక ఆమె మీట నొక్కి చికిత్స కొనసాగించింది. 'ఇది కనబడితే ఆపండి, రోగిని చూడండి' అన్న ఒక్క వాక్యం ఆ పుస్తకంలో ఉండి ఉంటే?

కనుక పత్రాన్ని సరిచూసేటప్పుడు మొదట చూడవలసింది క్రియాపదం. 'చేయాలి', 'చేయడం మంచిది', 'చేయవచ్చు' - మూడూ ఒకటి కావు. ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఇటువంటి మాటల బలాన్ని 1997లో ఆర్.ఎఫ్.సి. 2119 అనే పత్రం నిర్వచించింది. 'మస్ట్' అంటే చేసి తీరాలి. 'షుడ్' అంటే తగిన కారణం ఉంటే తప్ప మానకూడదు. 'మే' అంటే మన ఇష్టం. ఇక 'ఫైలు తొలగించబడును' అని రాస్తాం. తొలగించేది ఎవరు? మనమా, ప్రోగ్రామా? కర్త ఎవరో చెప్పాలి. ఒకే వస్తువుకు ఒకచోట 'యూజర్', మరోచోట 'సభ్యుడు' అని రెండు పేర్లూ పెట్టకూడదు.

రూపం కూడా అలంకారం కాదు సుమా! 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన 'మేక్'లో ఆజ్ఞకు ముందు టాబ్ ఉండాలి. ఖాళీలు పెడితే కంటికి తేడా తెలియదు గాని, మేక్ ఒప్పుకోదు. వర్డ్ ప్రాసెసర్ నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చిందంటే, అక్కడినుంచి కాపీ చేసిన ఆజ్ఞ పనిచేయకపోవచ్చు. అందుకే ఆజ్ఞలను వేరే వరుసలో, సమాన వెడల్పు అక్షరాల్లో ఇవ్వాలి. హెచ్చరికను మెట్టుకు ముందే రాయాలి. గోతిలో పడ్డాక 'జాగ్రత్త' అంటే లాభమేమిటి?

అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది. ఆ ప్రాజెక్టు ఎరుగని జూనియర్‌కు పత్రం ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకండి. అతను ఎక్కడ తల గోక్కుంటాడో అక్కడ దిద్దండి. రేపు మనం వెళ్ళిపోయాక మన బదులు మాట్లాడేది ఆ కాగితమే కదా!