ఆదివారం తగ్గే ఉబ్బసం

మా ఐదో తరగతిలో ఒక పిల్లవాడు సోమవారం తప్పకుండా బడికి వస్తాడు. శుక్ర, శనివారాల్లో మాత్రం హాజరుపట్టీలో వాడి పేరు ఎదుట తరచూ సున్నాయే. వాళ్ళమ్మను పిలిపించి అడిగాను. ఆమె రేష్మె నూలు తీసే చోట కూలికి పోతుంది. "ఆదివారం బాగానే ఉంటాది మేడం. పనికి పోయే కొద్దీ దమ్ము ఎక్కువవుతాది. వారం చివర లేవలేను. చంటిదాన్ని వీడే చూసుకోవాల" అంది. మందులు వాడుతోంది కానీ, తాను ఏ పని చేస్తుందో డాక్టరుకు ఎప్పుడూ చెప్పలేదట.

ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలు త్వరగా వాచి, బిగుసుకుంటాయి. పనిచేసే చోటి గాలి వాటిని ఇంకా రేపుతుంది. మన బూదికోట చుట్టుపక్కల అలాంటి పనులు తక్కువేం కాదు. గూళ్ళు ఉడికే ఆవిరిలో పట్టు, పురుగుల ప్రోటీన్లు కలుస్తాయి. అవి కొందరికి పడవు. పురుగుల మనెలో చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఘాటు, ఇటుక బట్టీ పొగ, క్రషర్ దుమ్ము కూడా అంతే. బడిలో సుద్దముక్క పొడి, పొడి చీపురు లేపే దుమ్ము మనకూ పిల్లలకూ మంచివి కావు.

కేజీఎఫ్ గనుల్లో పనిచేసిన పెద్దలకు రాతి ధూళి వల్ల వచ్చిన దమ్ము వేరు. అది సిలికోసిస్. అందులో ఊపిరితిత్తులపై పడిన మచ్చలు సెలవు తీసుకున్నా మానవు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా, రాళ్ళు కొట్టే చోట ఆ జబ్బు ముప్పు ఇప్పటికీ ఉంది. రాతి దుమ్ములో పనిచేసేవారు ఆయాసం వస్తే ఉబ్బసమే అనుకోక, ఛాతీ ఎక్స్‌రే గురించి డాక్టరును అడగాలి. సిలికోసిస్ నష్టపరిహారం కోసం చట్టం గుర్తించిన వృత్తి జబ్బు.

తల్లిదండ్రులకు నా మాట ఒక్కటే. రెండు వారాలు క్యాలెండరులో రాసి పెట్టండి: ఏ రోజు పనికి పోయారు, ఏ రోజు దమ్ము వచ్చింది, రాత్రి నిద్ర పట్టిందా. రాయడం రాకపోతే మీ పిల్లలు తెలుగులో రాస్తారు. కన్నడం సరిగా రాదని ఆసుపత్రిలో జంకకండి. మనం ఉబ్బసం అంటే వాళ్ళు ఉబ్బస అంటారు, అంతే తేడా. చేసే పని పేరు మాత్రం తప్పక చెప్పండి.

రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను బాగున్న రోజుల్లోనూ మానవద్దు. మూతికి చుట్టిన కొంగు సన్నని దుమ్మును ఆపదు. నీళ్ళు చల్లి ఊడవడం, కిటికీలు తెరవడం, పొయ్యికి దూరంగా పని అడగడం మేలు. పని ఒక్కసారిగా మానేయమని నేను అనను, ఇల్లు గడవాలి కదా. కానీ ఒక మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలం తిరిగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ పిల్లవాడు రాసిన క్యాలెండరు పట్టుకుని వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు చీటీ చూసి యజమాని ఆమెను ఉడకబెట్టే తొట్టి దగ్గర నుంచి నూలు కట్టలు కట్టే చోటికి మార్చాడు. దమ్ము పూర్తిగా పోలేదు, తగ్గింది. పోయిన శనివారం వాడు బడికి వచ్చాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, వరుసగా సున్నాలు కనబడితే పిల్లవాణ్ణి మందలించే ముందు, ఇంట్లో ఎవరికి ఊపిరి ఆడడం లేదో అడగండి.